కోటిచ్చి తెచ్చిన బాకు

ఫిషింగ్ హార్బర్‌లో ఒక ఆదివారం ఉదయం ఆయన నా ఎదురుగా నిలబడ్డాడు. చెప్పవలసిన మాట ఒకటి నా నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. దానికి బదులు ఎండ గురించి మాట్లాడాను, మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయని అడిగాను. ఐసు బండివాడు దారి ఇమ్మని అరిస్తే చెరో పక్కకి జరిగాం. ఆ జరగడంలోనే విడిపోయాం. మళ్ళీ ఆయన్ని చూడలేదు. ఈ చలికాలం మొదట్లో పోయాడట. ఆ సంగతి కూడా నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ రోజు మింగిన మాట ఇక్కడ రాస్తున్నాను.

ఆయన మా స్టీల్ ప్లాంటు షిఫ్టు బస్సు డ్రైవరు. కంచరపాలెంలో బయల్దేరి గాజువాక, కూర్మన్నపాలెం మీదుగా మమ్మల్ని గేటు దగ్గర దింపే బస్సు అది. సొంత పేరు ఉండే ఉంటుంది. మాకందరికీ రంగం బావ. రంగం అంటే రంగూను. మా వైపు పల్లెల్లో పాతవాళ్ళు ఆ ఊరిని అలాగే అనేవారు. పని కోసం ఓడెక్కి రంగం వెళ్ళినవాళ్ళు, జపాను బాంబులు పడినప్పుడు అడవుల్లో నడుచుకుంటూ తిరిగొచ్చినవాళ్ళు ఊరూరా ఉండేవారు. తన తండ్రి వాళ్ళలో ఒకడని ఆయన చెప్పేవాడు. కాదని వాళ్ళ ఊరు చెప్పేది.

ఎ షిఫ్టుకి వెళ్ళాలంటే తెల్లవారకముందే బస్సెక్కాలి. నేను ప్లాంటు లేబరేటరీలో కొత్త ఇంజనీరుని. పెళ్ళి కాలేదు, రైలు పట్టాల పక్క వీధిలో అద్దె గది. టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంటే చాలు, ఇంజను వేడి కాళ్ళకి తగిలేది, ఆయన గొంతు మొదలయ్యేది.

"రండి రండి, రంగం ఎల్దారి. టిక్కెట్టు నేదు, ఎవుల నిద్ర ఆల్లే తెచ్చుకోండి."

బస్సు కదిలితేనే కథ కదిలేది. సిగ్నల్ పడితే మాట మధ్యలో ఆపేసేవాడు. పచ్చదీపం వెలిగాక, ఆపిన అక్షరం దగ్గరే మళ్ళీ అందుకునేవాడు. రోలింగ్ మిల్లులో ఫిట్టరు ఒకతను ఉండేవాడు, అతనికి ఊరుకోవడం చేతకాదు.

"బావా, నిన్న మీ నాన్నని ఓడ మీద నించి దింపీసేవు. ఇయేల కూడా జట్టీ మీదే ఒగ్గీకు, పాపం ఎండలో ఉన్నాడు."

"ఒగ్గను రా. ముందు లారీవోడిని ఎల్లనీ."

లారీ వెళ్ళేది. "ఆ ఊర్లో బంగారు గోపురం ఒకటుండాది. దాని మీద ఎండ పడితే ఊరూరంతా పసుపు రాసుకున్న పెళ్ళికూతురునాగ ఉంటాదట. మా నాన్న బియ్యం మిల్లులో బస్తాలు మోసీవోడు. మోసి మోసి, బస్తా దించి తలెత్తితే ఎదురుగా గోపురం. బరువు తెలీదంట. నిజ్జం సెప్తన్నాను."

ఎయిర్‌పోర్టు పక్క తుప్పల మీద మంచు పరుచుకుని ఉండేది. నేను ఎక్కడిదాకా విన్నానో, ఎక్కడినుంచి కలగన్నానో ఈనాటికీ విడదీసి చెప్పలేను. గాజువాక దీపాలు దూరంగా కనిపిస్తే రంగూను రేవు వచ్చిందనుకునేవాణ్ణి. నది మీద పడవలు, పడవల్లో ధాన్యం, గట్టు మీద గొడుగులు పట్టుకున్న ఆడవాళ్ళు. వాళ్ళ మధ్యలో నేను, లేబరేటరీ బూట్లతో. డ్రైవరు సీటు పైన ఒక పెద్ద అద్దం ఉండేది. ఎవరు నిద్రపోతున్నారో దానిలోంచి చూస్తూ ఉండేవాడు. నా తల కిటికీకి ఆనగానే ఆయన మాట దూరం నుంచి వినిపించేది.

"లేబ్ బాబు రంగం దిగీసేడు. మాటాడకండి."

ఇంటికి వచ్చేటప్పుడు మాత్రం ఆయన నోరు విప్పేవాడు కాదు. కారణం అడిగితే ఒకసారి చెప్పాడు. "ఎల్లీటప్పుడు సంగతులు మా నాన్న బోలెడు సెప్పీవోడు. నడిచొచ్చిన సంగతి అడిగితే మాటాడీవోడు కాదు. నాను మాత్రం ఏటి సెప్తాను?"

ఆ నడక గురించి తండ్రి చెప్పింది ఒకే ఒక్క ముక్క. దాన్ని రంగం బావ ఏడాదికి ఒకసారి, చలి బాగా పెరిగిన రోజున చెప్పేవాడు. ఒక ఏరు. ఆవల అంతా వెదురు అడవి. దారి నరుక్కోవడానికి తండ్రి చేతిలో ఏమీ లేదు. ఏటి గట్టున ఒక ముసలివాడు బట్ట లేకుండా వణుకుతూ కూర్చున్నాడు. అతని ఒళ్ళో ఒక బాకు ఉంది. తండ్రి ఒంటి మీద మిల్లు దొర ఇచ్చిన పాత కోటు ఉంది. ఒకరి భాష ఒకరికి రాదు.

"ఈడు కోటిప్పేడు. ఆడు బాకు తీసేడు. అంతే. ఆ బాకు నేకపోతే మా నాన్నా నేడు, నానూ నేను, ఈ బస్సు మీకెవులు తోలీవోరు?"

బస్సు కాంట్రాక్టరు చలికాలంలో డ్రైవర్లకి నీలం కోట్లు ఇచ్చేవాడు. రంగం బావ తన కోటు ప్రతి ఏడూ ఎవరికో ఒకరికి ఇచ్చేసేవాడు. పల్చటి చొక్కాతో, భుజాలు దగ్గరగా ముడుచుకుని, స్టీరింగుని కుంపటిలా పట్టుకుని తోలేవాడు. "మా ఇంట్లో కోట్లుండవు. మా నాన్న ఇచ్చీసేడు" అనేవాడు. ఆ మాటకి మేము రోజూ నవ్వేవాళ్ళం. ఆయనకి ఆ నవ్వు ఇష్టమే. దానిలో ఎకసెక్కెం ఉండేది కాదు.

ఒకరోజు గేటు దగ్గర అందరూ దిగాక నన్ను ఆపాడు.

"లేబ్ బాబూ, నువ్వు ఇనుముని సూత్తే దాని జాతకం సెప్పీగలవట గదా."

"ఎవరన్నారు బావా?"

"బస్సంతా అంటాది. నాకో పని సేసిపెట్టు. ఆ బాకు మా ఇంట్లో ఉంది. అది ఏ దేసందో, ఎంత పాతదో సెప్పు. మా నాన్న బతికున్నన్నాల్లూ ఊర్లో ఎవులూ నమ్మలేదు. ఈడు రంగం ఎల్లలేదు, కరగ్‌పూర్లో కూలి సేసి వచ్చీసేడు అని మొకం మీదే నవ్వీవోరు. ఆడు ఆ నవ్వుతోనే పోనాడు. నీలాటోడు ఒక్క ముక్క సెప్తే ఆడి మాట నిలబడతాది."

నేను సరేనన్నాను. గర్వంగానే అన్నాను.

సొంత వస్తువులు, అందులోనూ కత్తులు, ప్లాంటు గేటు దాటించలేం. అందుకని షిఫ్టు దిగాక కూర్మన్నపాలెం జంక్షన్‌లో, మా బస్సు టీకి ఆగే చోట, ఒక వెల్డింగు షాపు ముందు చూద్దామన్నాను. మర్నాడు మధ్యాహ్నం ఆయన సీటు కింద నుంచి ఎర్రగుడ్డ మూట తీశాడు. బస్సంతా దిగి చుట్టూ చేరింది. మూటలో జానెడుకి కాస్త పెద్దదైన బాకు. పిడి కూడా దాదాపు అలుగంత, అంటే కోసే ఇనుమంత, పొడుగుంది. చేతికి అడ్డంగా కమ్మి లేదు. పిడి గుండ్రంగా ఉంది, దాని మీద నల్లబడిన రేకు, రేకు మీద మెలితిప్పిన తీగ చుట్లు, చివర విచ్చని తామర మొగ్గ. ఇదంతా ఇప్పుడు రాస్తున్నాను. ఆ రోజు వీటిలో ఏ ఒక్కటీ నేను పట్టించుకోలేదు. నేను ఉక్కు ఊరివాణ్ణి, ఉక్కు మనిషిని. నా కళ్ళు అలుగు మీదే ఉన్నాయి.

ఉక్కు రకాన్ని గబుక్కున పోల్చడానికి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. తిరిగే సానరాయికి ముక్కని ఆనించి రవ్వల్ని చూస్తాం. పాత కొలిమి ఇనుము రవ్వలు ఒక రకంగా పోతాయి, నేటి ఉక్కు రవ్వలు ఇంకొక రకంగా చిట్లుతాయి. నేను బాకుని షాపు మిషను దగ్గరికి తీసుకెళ్ళాను.

"పిడి కూడా సూడు బాబూ" అన్నాడు ఆయన వెనకాల నుంచి. "మా అమ్మ సెప్పీది, ఒకపాలి మా నాన్న దీన్ని కమ్మరి కొలిమికి అట్టుకెల్లి..."

"పిడికేముంది బావా? ఎవడైనా తొడుగుతాడు. అసలు మాట ఇనుముది."

అలుగు మొదట్లో, పిడికి దగ్గరగా, రాయి ఆనించాను. రవ్వలు పూలలా విచ్చుకున్నాయి. నాకు సందేహమే లేదు. ఇటువైపు తిరిగి, అందరికీ వినపడేలా చెప్పాను.

"లారీ కమాను. పాత లారీ స్ప్రింగు పట్టీ నరికి ఎవడో కమ్మరి సాగదీశాడు. దీనికి రంగూనూ లేదు, వయసూ లేదు."

ఫిట్టరు అందుకున్నాడు. "అయితే బావా, మీ నాన్న రంగం నించి నడిచొచ్చేడా, లారీ ఎక్కొచ్చేడా?"

అంతా గొల్లుమన్నారు. టీ కొట్టువాడు గరిటె పట్టుకునే నవ్వాడు. నేను కూడా నవ్వాను. రంగం బావా నవ్వాడు. నాకు ఎక్కువగా గుర్తున్నది అదే. నవ్వుతూనే బాకుని ఎర్రగుడ్డలో చుట్టాడు. చుట్టే ముందు, నేను రాయి పెట్టిన చోట కొత్తగా మెరుస్తున్న గీతని బొటనవేలితో ఒకసారి రాశాడు.

"సర్లే బాబూ. నిజం నిజమే గదా" అన్నాడు.

మర్నాడు బస్సులో కథ లేదు. రేడియో పెట్టాడు. ఎవరైనా "రంగం ఎప్పుడెల్దారి బావా?" అంటే, "రోడ్డు బాగోలేదు" అని అద్దంలోంచి చూసి ఊరుకునేవాడు. నాతో మర్యాద తగ్గించలేదు, నేను పరిగెత్తుకు వస్తుంటే ఆగేవాడు కూడా. కానీ నాకు బస్సులో నిద్ర పట్టడం మానేసింది. కళ్ళు మూసుకుంటే గాజువాక దీపాలు గాజువాక దీపాల్లాగే కనిపించేవి. ఆ చలికాలం ఒక తెల్లవారుజామున బస్సెక్కి ఆయన వైపు చూశాను. నీలం కోటు వేసుకుని ఉన్నాడు. మెడ దాకా బొత్తాలు పెట్టుకున్నాడు.

"సలేత్తంది బాబూ" అన్నాడు, నేను అడక్కుండానే.

కొన్నేళ్ళు గడిచాయి. ఉద్యోగం పని మీద కలకత్తా వెళ్ళి, తిరుగు రైలుకి వ్యవధి ఉండడంతో ఒక మ్యూజియంలోకి వెళ్ళాను. మధ్యాహ్నం. పైన పాతకాలపు ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోంది. జనం లేరు. గాజు పెట్టెల మధ్య నడుస్తూ నడుస్తూ ఒకచోట ఆగాను. లోపల నాకు తెలిసిన తామర మొగ్గ. నల్లబడిన రేకు, మెలితిప్పిన తీగ చుట్లు, అడ్డకమ్మి లేని గుండ్రని పిడి. ఎక్కడ చూశానో వెంటనే తట్టలేదు. ముందు ఇంజను వేడి కాళ్ళకి తగిలినట్టయింది. తరవాత ఆయన గొంతు.

అక్కడ పనిచేసే ఒక పెద్దావిడ నా పక్కకి వచ్చింది. బర్మా బాకు అని చెప్పింది. దాని వయసు ఎలా తెలుస్తుందని అడిగాను. ముందు పిడి చూస్తామంది. బర్మావాళ్ళు అలుగు వెనక పిడిలోకి దిగే తోకని పొట్టిగా ఉంచి, లక్క పోసి నిలబెడతారట. లక్క వదులైనా, అలుగు విరిగినా కొత్తది దిగ్గొడతారు. పిడిని పారెయ్యరు. కాబట్టి ఒకే బాకులో పిడి వయసు వేరు, అలుగు వయసు వేరు అవుతుంది. అలుగు చూసి వయసు చెప్పడం, కొత్త చెప్పులు చూసి మనిషి వయసు చెప్పడం లాంటిదని నవ్వింది. నాకు కూర్మన్నపాలెంలో నా వెనకాల సగంలో తెగిన వాక్యం వినపడింది. తండ్రి దాన్ని కమ్మరి కొలిమికి పట్టుకెళ్ళి ఏం చేశాడో ఇప్పుడు తెలిసింది. విరిగిన అలుగు తీసేసి, ఊళ్ళో దొరికిన కమాను వేయించాడు.

తిరిగొచ్చిన మర్నాడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ బస్సులో నా మాటకి విలువ ఉండేది. తోటివాళ్ళు పిల్లల చదువులకీ, కొత్తగా కొనే గిన్నెలకీ కూడా నన్నే సలహా అడిగేవారు. ఆ విలువ మొదలైంది కమాను మాటతోనే. ఇంకోసారి, ఇంకో వారం అనుకున్నాను. ఆయన రిటైరయ్యాడు. తరవాత ఆ ఆదివారం వచ్చింది. హార్బర్‌లో ఆయన చేతిసంచీ ఎత్తి చూపించాడు.

"కోనెం సేప దొరికింది లేబ్ బాబూ. మీ అక్క ఆ కమాను బాకుతోటే కోసేత్తాది. పిడి మాత్రం సేతికి భలే పడతాది."

కోపంతో అనలేదు. మామూలుగా అన్నాడు. అప్పుడే ఆ మాట నా నోటిదాకా వచ్చింది. అప్పుడే ఎండ గురించి మాట్లాడాను.

పోయాడని తెలిశాక కంచరపాలెంలో వాళ్ళింటికి వెళ్ళాను. రైలు పట్టాలకి ఎదురుగా రెండు గదుల ఇల్లు. గూడ్సు పోతుంటే మాట ఆపి, పోయాక అందుకునేవాళ్ళ ఇల్లు. ఆయన భార్య నన్ను గుర్తుపట్టింది. బాకు చూపించమని అడిగితే వంటింట్లోంచి తెచ్చి చీర కొంగుతో తుడిచి ఇచ్చింది. ఇన్నేళ్ళ చేపలూ కొబ్బరికాయలూ అయినా, నా సానరాయి గీత అలాగే ఉంది. ఈసారి పిడి చూశాను. రేకు అంచు దగ్గర లక్క రెండు రకాలుగా ఉంది. లోపల నల్లగా, రాయిలా గట్టిపడిన పాత లక్క. దాని మీద ఎర్రటి లక్క, మన సంతల్లో దొరికేది. రెండుసార్లు పోసిన లక్క, రెండు అలుగుల లెక్క. కంటి ముందే ఉంది. చూడ్డానికి లేబరేటరీ కూడా అక్కర్లేదు.

ఫోటోలు తీసి కలకత్తా పెద్దావిడకి పంపాను. ఆమె ఫోన్ చేసింది. పిడి బర్మా పనే అంది, వందేళ్ళు ఎప్పుడో దాటి ఉంటుందంది. అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో మాత్రం వస్తువుని చూసి ఎవరూ చెప్పలేరంది. నేను మళ్ళీ కంచరపాలెం వెళ్ళి, మొదటి నుంచి చివరిదాకా ఆయన భార్యకి చెప్పాను. మ్యూజియం సంగతి తెలిసీ ఊరుకున్నానని కూడా చెప్పాను. తప్పయిపోయింది అక్కా అన్నాను. ఆవిడ బాకుని చేతిలోకి తీసుకుంది.

"పోయే ముందు సలిజొరం వచ్చింది బాబూ. దంతాలు టకటకలాడిపోతన్నాయి. కంపెనీ కోటుండాది గదా, తొడగబోనాను. సెయ్యి అడ్డెట్టీసేడు. మా ఇంట్లో కోట్లుండవే అన్నాడు. సలికి వణుకుతానే నవ్వేడు."

గూడ్సు బండి ఒకటి వచ్చింది. నా మాట లేకుండానే ఆయన తన తండ్రి కథకి తిరిగి వెళ్ళిపోయాడని ఆ చప్పుడులో నాకు అర్థమైంది.

"నాకెందుకు సెప్తావు?" అంది ఆవిడ, బండి పోయాక. "నాను నవ్వలేదు గదా. ఎక్కడ నవ్వేరో అక్కడ సెప్పు."

నేను ఇప్పుడు కారులో వెళ్ళి వస్తుంటాను. ఆ వారం ఎ షిఫ్టు బస్సెక్కాను. డ్రైవరు కుర్రవాడు, నీలం కోటు వేసుకున్నాడు. ఎక్కువమంది కొత్తవాళ్ళు. చెవుల్లో వైర్లు, కిటికీలకి ఆనిన తలలు. వెనక సీట్లో ఫిట్టరు ఉన్నాడు, జుట్టు పండింది, రిటైర్మెంటు దగ్గరపడింది. నన్ను చూసి, "ఏటి సార్, దారి తప్పేరా?" అన్నాడు. ఎయిర్‌పోర్టు తుప్పల మీద మంచు పాతమంచులాగే ఉంది. గాజువాక దీపాలు కనిపించాయి. ఎంతో కాలం తరవాత అవి ఒక రేవు దీపాల్లా కనిపించాయి.

కూర్మన్నపాలెంలో బస్సు ఆగగానే లేచి గేరుబాక్సు పక్కన నిలబడ్డాను. గొంతు పెంచి రంగం బావ సంగతి చెప్పడం మొదలుపెట్టాను. కొందరు వైర్లు తీశారు, కొందరు కళ్ళు విప్పలేదు. పిడి బర్మాదని చెప్పాను. ఆ రోజు నేను సగం వస్తువే చూసి మొత్తం మనిషిని అబద్ధాలకోరుని చేశానని చెప్పాను. తప్పని తెలిశాక ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నానని కూడా చెప్పాను. ఆయన తండ్రి రంగం వెళ్ళినట్టు రుజువు నా దగ్గర లేదనీ, అయినా ఆ కోటు సంగతి నేను నమ్ముతున్నాననీ అన్నాను. వెనక సీట్లో ఫిట్టరు నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

డ్రైవరు సీటు పైన పెద్ద అద్దం ఉంది. దానిలో నిద్రలో ఉన్నవాళ్ళూ, మేలుకున్నవాళ్ళూ, నిలబడ్డ నేనూ కనిపిస్తున్నాం. చివరి మాట ఆ అద్దంలోకి చూసి అన్నాను.

"బావా, పిడి కూడా చూడమన్నావు. చూళ్ళేదు. తప్పు నాది. మీ నాన్ననీ నిన్నూ కలిపి అడుగుతున్నాను, నన్ను క్షమించు."